ఎర్ర గీత దాటిన సీసా

సికింద్రాబాదు,
14 మార్చి 1948

తమ్ముడు రిచర్డ్‌కు,

నువ్వూ అమ్మా బెజవాడ క్షేమంగా చేరినట్టు రాసిన కార్డు అందింది. ఎవరో చదివాకే నాకు ఇచ్చారు, మూల నలిగి టీ మరక కూడా ఉంది. చదువుకోనీ. ఈ ఉత్తరం కూడా చదువుకోనీ.

నేనెందుకు మీతో రాలేదని అమ్మ రోజూ అడుగుతోందన్నావు. నాన్న పనిచేసిన మందుల కార్ఖానాలో నాకు ఉద్యోగం ఉంది కాబట్టి రాలేదని చెప్పు. అసలు సంగతి నీకు చెబుతాను. నాన్నను మట్టిలో పెట్టించిన మనిషి ఇక్కడే ఉన్నాడు. రోజూ పొద్దున్నే అతడికి నమస్కారం పెట్టి, అతడి ఎదుటి బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. పెద్ద కెమిస్టు సదాశివ. నిజాము కొలువువాళ్ళలా రూమీ టోపీ, ఇస్త్రీ షేర్వాణీ, నోట్లో పాన్.

ఆ రోజు జరిగింది నువ్వు చూడలేదు, టీచరు ట్రైనింగులో ఉన్నావు. మన అరుగుదల మందుకు బొప్పాయి పాలే ప్రాణమని నీకు తెలుసు. అందులోని ఎంజైమే తిన్నదాన్ని అరిగిస్తుంది. మందును మరిగిస్తే అందులో చేరిన క్రిములతోబాటు ఎంజైమూ చస్తుంది. మరిగించకపోతే ఎండాకాలం సీసాలు పులిసి మూతలు ఎగురుతాయి. వేడి వద్దు, ఒత్తిడి చాలన్నాడు నాన్న. కంటోన్మెంటు వేలంలో దొరికిన ఫిరంగి గొట్టం ముక్కను లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వాళ్ళచేత సిలిండరుగా చేయించాడు. గాలి బుడగ లేకుండా నింపిన సీసాను అందులో నూనెలో దించి, చేతి పంపుతో నొక్కాడు. అంత ఒత్తిడికి క్రిములు చస్తాయి. ఎంజైము మాత్రం చావదు, చుట్టలా ముడుచుకున్న దాని మడత సడలి పని ఆపుతుంది. ఒత్తిడి తీసి ఒక రాత్రి ఊరికే ఉంచితే ఆ మడత మళ్ళీ కుదురుకుని పనికి లేస్తుంది. గేజి మీద నాన్న ఎర్ర రంగుతో గీసిన గీత దాకానే ఇది. గీత దాటిస్తే మడత మొత్తం విడిపోతుంది, ఇక ఎన్నాళ్ళుంచినా లేవదు.

యజమాని ముందు, గుమాస్తాలందరి ముందు, నాన్న సిలిండరులోంచి సీసా తీసీ తీయగానే సదాశివ దాన్ని లాక్కుని గోరువెచ్చని పాలలో పోశాడు. ఎంజైము బతికుంటే పాలు విరగాలి. విరగలేదు. "ఏందీ యేసురాజూ, పాలు పాలలెక్కనే ఉన్నయి. నీ మందు పండుకున్నదా, సచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. రేపటిదాకా ఆగమని నాన్న బతిమాలుతుంటే, ఉత్త అబద్ధాలకోరని కొట్టిపారేసి మిగిలిన మందు మోరీలో పారబోశాడు. నాన్న ఊరుకోలేదు, యజమాని ఇంటికి వెళ్ళి గొడవపెట్టాడు. ఆ వారంలోనే పోలీసులు వచ్చారు. నిజాముకు ఎదురుతిరిగిన ఇండియన్ యూనియన్ పక్షం వాళ్ళకు ఇంట్లో చోటిస్తున్నాడని ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. జైలునుంచి జ్వరంతో వచ్చిన నాన్న మళ్ళీ లేవలేదు.

పాస్టరుగారు పగ దేవునికి వదిలేయమంటున్నారు. ఆయనకు చాలా పనులున్నాయి, ఈ ఒక్కటీ నేను చూసుకుంటాను. ఆ గదిలో, ఆ మనుషుల ముందే, ఆ నవ్వు సదాశివ వినాలి. అదొక్కటే నాకు కావాలి.

అమ్మకు ఇది చదివి వినిపించకు.

నీ అక్క,
సలోమి


బెజవాడ,
2 ఏప్రిల్ 1948

అక్కా,

నీకు బుద్ధి ఉందా? పోలీసులు విప్పే ఉత్తరంలో పేరు పెట్టి రాస్తావా? నాన్నకు పట్టిన గతి నీకూ పడితే అమ్మను నేనేం చేసుకోను? ఇకమీదట పేర్లు రాయకు. ఆ మనిషిని 'ఆ మనిషి' అను, పనిని 'పని' అను. అర్థం చేసుకునే తెలివి నాకుంది.

నాకు మాత్రం కోపం లేదనుకున్నావా? నీ కోపం పొంగుతుంది, నాది అడుగున మాడుతుంది. నువ్వు అరిచి ఏడ్చి కాస్త తేలికపడతావు. నేను క్లాసులో పిల్లలకు పాఠం చెబుతూ కూడా ఆ మనిషి ముఖమే చూస్తున్నాను. తొందరపడకు, అంతే.

అమ్మ బాగానే ఉంది. ఇక్కడి మటన్ ఉడకదని సణుగుతోంది. నిన్న నాన్న సంగతి ఒకటి చెప్పి నవ్వింది. సంఘం పెద్దలు భోజనానికి వచ్చిన ఆదివారం, నాన్న ఎర్ర గీత దాటించిన సీసా తెచ్చి, అమ్మకు చెప్పకుండా మాంసానికి పట్టించాడట. గీత లోపలిదైతే ముక్క వెన్నలా కరిగేది. ఆ రోజు ముక్క తోలులా ఉండి పాస్టరుగారి పన్ను కదిలిందట. నాన్న మాత్రం "చూశారా, గీత దాటితే లేవదు!" అని సంబరపడ్డాడట. నవ్వుతూనే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

జాగ్రత్త.

రిచర్డ్


సికింద్రాబాదు,
19 జూలై 1948

రిచర్డ్,

నీ మాట ప్రకారమే పేర్లు రాయను. రైళ్ళు సరిగా నడవడం లేదు, ఇది ఎప్పటికి చేరుతుందో. సాయంత్రమైతే ఎవరూ బయటికి రావడం లేదు. మోండా మార్కెట్లో ఉప్పు కోసం వరసలు. నేను బాగానే ఉన్నాను.

ఈ ఎండాకాలం మన మందు సీసాలు గోదాములో పులిసి మూతలు పేలిపోయాయి. యజమాని ఆ మనిషిని పట్టుకుని దులిపేశాడు. మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతులో బెల్లం.

"బిడ్డా, మీ నాయిన ఆ గొట్టంల ఏదో చేస్తుండె గదా. నీకు జెర ఎరికేనా?"

మొహం మీద ఉమ్మాలనిపించింది. "తెలుసండీ" అన్నాను. గోదాము మూల తుప్పు పట్టిన సిలిండరును బయటికి తీయించాను. కాప్రా తోటలనుంచి బొప్పాయి పాలు వచ్చాయి. గీత దాకా నొక్కి, ఒక రాత్రి ఉంచి, పొద్దున పాలలో వేస్తే చూస్తుండగానే విరిగాయి. ఆ మనిషి పాత్రలోకి వంగి చాలాసేపు చూశాడు. మళ్ళీ చేయించాడు, మళ్ళీ విరిగాయి. సాయంత్రం యజమానితో మాట్లాడుతుంటే విన్నాను. "మన కార్ఖానా తరీఖా" అంటున్నాడు, ఆ పద్ధతి తమదే అయినట్టు. నాన్న పేరు ఎత్తలేదు.

నాన్న చెప్పింది నిజమని ఇప్పుడు వాడికి తెలుసు రిచర్డ్. తెలిసి కూడా మింగేశాడు. ఇంతకుముందు కోపమే ఉండేది, ఇప్పుడు అన్నం కూడా సహించడం లేదు.

సలోమి


సికింద్రాబాదు,
3 అక్టోబరు 1948

రిచర్డ్,

పోలీసు యాక్షన్ అయిపోయింది. మిలిటరీ బళ్ళు మన వీధి చివరనుంచి బొల్లారం వైపు పోతుంటే ఆడవాళ్ళు మేడలెక్కి చూశారు. కొందరు పూలు చల్లారు, కొందరు తలుపులు తీయలేదు. పక్కింటి కుట్టుమిషను ఖాసిం ఇంకా కొట్టు తెరవలేదు, రొట్టెలు నేనే ఇచ్చివస్తున్నాను. అతడు ఎవరికీ ఏ కీడూ చేయలేదు, అయినా వణుకుతున్నాడు. కీడు చేసినవాళ్ళు మాత్రం హాయిగా ఉన్నారు.

ఆ మనిషి సంగతి విను. గురువారం రూమీ టోపీ, శనివారం తెల్ల ఖద్దరు టోపీ. "ఎప్పటికన్న మన రాజ్యమే వస్తదని నేను ముందుగాలనే అన్న" అంటూ గుమాస్తాలకు మిఠాయి పంచాడు. నాకూ ఇచ్చాడు. కాకులకు వేశాను.

వచ్చే నెల మిలిటరీ ఆసుపత్రి పెద్ద డాక్టరు కార్ఖానా చూడ్డానికి వస్తాడట. ఆయన ముందు, యజమాని ముందు, అందరి ముందు, ఆ గదిలోనే సీసాను పాలలో పోసి చూపిస్తారట. సీసా తయారుచేయాల్సింది నేను. ఇంతకన్నా మంచి రోజు నాకు రాదు. నేనేం చేయబోతున్నానో రాయను, పేర్లూ పనులూ రాయవద్దన్నది నువ్వే కదా.

సలోమి


బెజవాడ,
24 అక్టోబరు 1948

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు వీధిలో తిరిగివచ్చాను. ఇక్కడికి పర్వతాలు అనే మనిషి వచ్చాడు. నాన్నతో జైల్లో ఒకే గదిలో ఉన్నవాడు. చాలా చెప్పాడు. ఆ మనిషి గురించి కూడా చెప్పాడు. ఉత్తరాలు ఇప్పటికీ విప్పుతున్నారని విన్నాను, కాబట్టి ఇంతకుమించి రాయను.

నువ్వు చేయవలసింది ఒక్కటే. ఆ సీసాను నాన్న చేసినట్టే చెయ్యి. గీత దగ్గర ఆపు. ఆ రోజు పాలు చక్కగా విరగాలి, ఆ మనిషి పదిమందిలో బాగా నిలబడాలి. మిగతాది నాకు వదిలెయ్యి. నీ కోపాన్ని ఈ ఒక్క నెల పక్కన పెట్టు, నా మీద నమ్మకం ఉంచు.

రిచర్డ్


సికింద్రాబాదు,
5 నవంబరు 1948

రిచర్డ్ గారికి,

ఆ మనిషి పదిమందిలో బాగా నిలబడాలా? కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. నీ చేతిరాతే.

నిన్న ఆ మనిషే వచ్చి చెప్పాడు: "మీ తమ్మునితోని మాట అయింది బిడ్డా. ఇగ పరేషాన్ గాకు. అంత మంచిగనే అయితది, నీకు సుత మేలే." నవ్వుదామనుకున్నాడు గానీ రాలేదు. నా వెనకాల నువ్వు అతడికి ఉత్తరాలు రాస్తున్నావన్నమాట! ఏమిస్తానన్నాడు? ఇక్కడ ఉద్యోగమా? అమ్మను వెనక్కి తెచ్చుకోవడానికి ఇల్లా? నాన్న ఊపిరి ఆగినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నది నేను. నువ్వు అప్పటికింకా రైల్లోనే ఉన్నావు. అందుకే నీకు ఇంత చల్లగా ఉంది.

నమ్మకం ఉంచమన్నావు. ఉంచను. నా పని నేను చేస్తాను. ఇకమీదట దాని గురించి నీకేమీ రాయను. అమ్మకు నా ముద్దులు, నీకేమీ లేవు.

సలోమి


బెజవాడ,
10 నవంబరు 1948

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఎవరు విప్పితే విప్పనీ, అంతా రాస్తున్నాను.

నాన్నను పట్టుకున్న రోజు సదాశివ పోలీసు ఠాణాకు వచ్చి, వేలు పెట్టి చూపించాడు. పర్వతాలు అక్కడే బేడీలతో కూర్చుని కళ్ళారా చూశాడు. ఆ సంగతి నేను సదాశివకు రాశాను. వాడి ముందు రెండు దారులున్నాయన్నాను. పర్వతాలు వచ్చి మిలిటరీ వాళ్ళకు చెప్పడం ఒకటి. డాక్టరు వచ్చిన రోజు, అందరి ముందు వాడు తన నోటితోనే 'ఇది యేసురాజు కనిపెట్టింది, ఆయన్ని అబద్ధాలకోరన్నాను, నేనే పట్టించాను' అని చెప్పి, నాన్న పద్ధతిలో చేసిన సీసాను తన చేత్తో పాలలో పోయడం రెండోది. రెండోది ఒప్పుకున్నాడు. నీతో అనకూడదని కూడా మాట తీసుకున్నాను. నీకు ముందే తెలిస్తే వాడి మొహం మీద చెప్పేస్తావు, వాడు పారిపోతాడు. నీ నోటిని నేనెరుగుదును కదా.

ఇది నా పగ అక్కా. వాడిని జైలుకు పంపితే చాలదు నాకు. నాన్న నిలబడ్డ చోట వాడు నిలబడి ఆ మాటలు అనాలి. కానీ పాలు విరగాలి. విరిగితేనే నాన్న నిజం. నీ ఉత్తరంలో 'నా పని' అన్న మాట చదివాను. నువ్వు గీత దాటిస్తే మాత్రం అంతా పోతుంది. ఆపు. ఆ సీసాను ముట్టకు.

రిచర్డ్


సికింద్రాబాదు,
21 నవంబరు 1948

రిచర్డ్,

నీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. కార్యక్రమం మొన్న అయిపోయింది.

ముందురోజు పట్టపగలు, సదాశివ పక్క బల్ల దగ్గర పేపరు చదువుతుండగా పంపు కొట్టాను. "గీత దాక వచ్చిందా?" అన్నాడు. "వచ్చిందండీ" అన్నాను. నా చెయ్యి ఆగలేదు. ముల్లు గీత దాటింది, ఇంకా దాటింది. లోపల టక్కుమని చప్పుడైంది, కింద నూనె కారింది. సిలిండరు పగిలింది. గుడ్డతో తుడిచేసి, సీసా తీసి పెట్టాను. ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను. ఇంటికి వచ్చి పాట పాడుకుంటూ వంట చేసుకున్నాను.

మర్నాడు గది నిండింది. మిలిటరీ డాక్టరు, యజమాని, ఆనాడు నవ్విన గుమాస్తాలందరూ ఉన్నారు. నేను పాలు గోరువెచ్చగా చేసి పక్కన నిలబడ్డాను. సదాశివ లేచాడు. చెమటకు ఖద్దరు టోపీ తడిసిపోయింది.

"ఇది నేను కనిపెట్టింది గాదు. ఈమె నాయిన యేసురాజు కనిపెట్టిండు. ఈ గదిలనే ఆయనను అబద్ధాలకోరు అన్న. పోలీసులకు పట్టిచ్చింది సుత నేనే. తప్పయింది. ఈ పాలు ఇరిగితే ఆయన గెలిసినట్టు" అన్నాడు.

నువ్వు వాడితో కుదుర్చుకున్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అప్పటికే సీసా అతడి చేతిలో వంగుతోంది. "ఆగండి" అన్నాను. గుమాస్తాల గుసగుసల్లో ఎవరికీ వినబడలేదు.

పాలు విరగలేదు రిచర్డ్. ఇంకాస్త పోశాడు. గరిటతో కలిపాడు. తెల్లగా, నున్నగా, అలాగే ఉన్నాయి. మొదట నవ్వింది యజమానే. "అయితే మీరు అప్పుడన్నది నిజమే కదండీ, పాపం ఎందుకంత బాధపడుతున్నారు?" అన్నాడు. గుమాస్తాలు ఆనాటిలాగే నవ్వారు. డాక్టరు లేచివచ్చి సదాశివ చెయ్యి పట్టుకున్నాడు. చచ్చినవాడికి పేరివ్వాలని ఇంత తాపత్రయపడే మనిషిని చూడలేదన్నాడు. పోలీసుల మాట అప్పటికే అందరూ మరిచారు. చప్పట్లు కొట్టారు.

ఇక పర్వతాలు వచ్చి చెప్పేదేముంది? చెప్పాల్సింది వాడే చెప్పేశాడు, చెప్పి పెద్దమనిషి అయ్యాడు. నాన్న రెండోసారి అబద్ధాలకోరు అయ్యాడు, ఈసారి నా చేత్తో. సిలిండరు తుక్కు కింద పోయింది. జూలైలో చేసిన సీసాలన్నీ అప్పుడే పాలలో పోసేశాం, ఒక్కటీ మిగల్లేదు.

సలోమి


బెజవాడ,
28 నవంబరు 1948

సలోమి,

అక్కా అనడానికి నోరు రావడం లేదు. అమ్మకు అంతా చెప్పాను. అమ్మ ఏడవలేదు. "వెళ్ళి చెప్పమను" అంది. "గీత దాటించింది నేనేనని అదే గదిలో, ఆ మనుషులకే చెప్పమను. ఉద్యోగం పోతే పోనీ, జైల్లో వేస్తే వేయనీ. ఆయన పేరు ఆయనకు ఇచ్చెయ్యమను."

నేను చెప్పేదీ అదే. నువ్వు మాట్లాడితే చాలు, వాళ్ళు మళ్ళీ సిలిండరు చేయిస్తారు. చెప్పాక రాయి. అప్పటిదాకా రాయకు.

రిచర్డ్


సికింద్రాబాదు,
9 డిసెంబరు 1948

తమ్ముడూ,

చెప్పాను. అమ్మ అన్నట్టే, అదే గదిలో, అందరినీ పిలవమని యజమానిని బతిమాలి మరీ చెప్పాను. మా నాన్న నిజం చెప్పాడు, పగతో నేను ఒత్తిడి గీత దాటించాను, అందుకే ఎంజైము లేవలేదు, సిలిండరు పగిలింది కూడా అందుకే, మరొకటి చేయించండి, నేను జీతం లేకుండా చేసి చూపిస్తాను అన్నాను. ఒక్క మాట దాచలేదు. సదాశివను నేను ఎంత ద్వేషించానో కూడా వాడి ఎదుటే చెప్పాను. తిడతాడని, గెంటిస్తాడని, పోలీసులను పిలుస్తాడని ఎదురుచూశాను. కావలసింది అదే. వాడికి కోపమొస్తే నా మాట నిజమని అందరికీ తెలుస్తుంది.

వాడు నన్ను చూశాడు రిచర్డ్. జూలైలో పాలు విరగడం వాడు తన కళ్ళతో చూశాడు. నేను చెప్పేదంతా నిజమని ఆ గదిలో నాకు కాక తెలిసినవాడు వాడొక్కడే, యజమాని విన్నాడే గానీ కళ్ళతో చూడలేదు. ఆ చూపులో అది కనిపించింది. కాసేపటికి నవ్వాడు, పెదవుల కొసన, చాలా నెమ్మదిగా. తరవాత లేచివచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"పానం బాగలేదు బిడ్డకు" అన్నాడు అందరి వైపు తిరిగి. "నాయిన మీద ప్రేమ అట్ల మాట్లాడిస్తది. తప్పు తన మీద ఏసుకుంటున్నది, తండ్రి పరువు కోసం. ఎవ్వలు ఏమనకుండ్రి ఆమెను. నౌకరీ ఎక్కడ పోదు, నేనున్న."

గుమాస్తాల్లో ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. యజమాని తల ఊపాడు. కొత్త సిలిండరు మాట ఎత్తబోతే, "తరవాత చూద్దామమ్మా" అని లేచి చెప్పులు తొడుక్కున్నాడు. నేను అరవాలనుకున్నాను. అరిస్తే పిచ్చిదే అంటారు, ఏడిస్తే పాపం అంటారు. ఏం చేసినా అది వాడి దయకు వడ్డీ కట్టినట్టే అవుతుంది. నువ్వు వాడిని తల వంచి నిలబెట్టాలనుకున్నావు, నేను నవ్వులపాలు చేయాలనుకున్నాను. మనిద్దరం కలిసి వాడిని మంచివాణ్ణి చేసి కూర్చోబెట్టాం.

బంట్రోతును పిలిచి నాకు చాయ్ తెప్పించాడు. తన చేత్తోనే నా ముందు పెట్టి, "తాగు బిడ్డా" అన్నాడు. అందరూ చూస్తున్నారు. తాగాను.

నాన్నను చంపినందుకు ఎప్పటికైనా వాడిని క్షమిస్తానేమో, చెప్పలేను. ఆ చాయ్‌కి మాత్రం క్షమించను.

నీ అక్క,
సలోమి